స్లోలో నిలవని బండి

మా ముత్తాత పెద కోటయ్యగారు ఊరి మునసబు, ఆయన గుర్రం మీద తిరిగేవారట. మా తాత నాగయ్యగారు కూడా మునసబే, ఆయనకు గూడుబండి, దానికి కట్టడానికి ఒక ఒంగోలు ఎడ్ల జత ఉండేవి. ఆ పదవిలో ఆఖరివారు మా నాన్నగారు, ఆయనకు మోటారు సైకిలు. వాహనాలు మారినా ముగ్గురిదీ ఒకటే పద్ధతి. పని మీద ఎవరింటికి వెళ్లినా వాహనం దిగేవారు కాదు. గుమ్మం ముందు ఆపితే లోపలివారే బయటికి వచ్చి నిలబడి మాట్లాడాలి, మాట పూర్తికాగానే వాహనం కదలాలి. పెళ్లికో చావుకో తప్ప మా ఇంటి మగవాళ్లు మరొకరి వాకిట్లో చెప్పులు విడిచింది లేదని మా నాయనమ్మ చెప్పేది. ఆమె దాన్ని గొప్పగా చెప్పేది కాదు, రోజూ పొద్దున్నే పళ్లు తోముకుంటామని చెప్పినంత మామూలుగా చెప్పేది.

అలాంటి ఇంటివాణ్ణి నేను, పోయిన నెల కంటి డాక్టరు దగ్గరకని నరసరావుపేటలో మా మేనకోడలి స్కూటరు వెనక కూర్చొని వెళుతున్నాను. రైల్వే గేటు పడింది. బండి ఆగిన రెండు మూడు క్షణాలకే ఇంజను కూడా చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. నా కుడికాలు దానంతట అదే కిక్కు కోసం గాలిలో వెతుక్కుంది. ఆగిపోయిందేమే అని కంగారుగా అడిగితే ఆ పిల్ల వెనక్కి కూడా తిరక్కుండా నవ్వింది. "ఏం కాలేదు మావయ్యా, నిలబడితే అదే ఆగుద్ది. చెయ్యి తిప్పితే మళ్లీ అదే లేస్తది. పెట్రోలు మిగులుద్దని అట్టా పెట్టారు" అంది. చుట్టూ చూస్తే గేటు దగ్గర ఇంకా కొన్ని బండ్లు అలాగే నోరు మూసుకొని ఉన్నాయి. గేటు తీశారు, ఆమె చెయ్యి తిప్పింది, బండి లేచింది. నాకు మాత్రం ఎవరి మీదో తెలియని కోపం ఒకటి ఆసుపత్రి దాకా తగ్గలేదు. నిలబడినప్పుడు ఇంజను ఆగిపోకుండా ఉండటం కోసం నా ఇరవై నాలుగో ఏడు మొత్తం ధారపోసినవాణ్ణి నేను. ఇప్పుడు దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేస్తున్నారు!

నా ఈడువాళ్లకు నా బాధ చెప్పకుండానే తెలుస్తుంది. అప్పటి బండ్లలో గేరు తీసేసి చెయ్యి వదిలేస్తే ఇంజను తన మానాన తాను నెమ్మదిగా కొట్టుకుంటూ ఉండాలి. దాన్ని మెకానిక్కులు స్లో అనేవారు. స్లో బాగున్న బండి పక్కన నిలబడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య లెక్కపెట్టుకోవచ్చు. స్లో చెడిన బండి పరుగెత్తినంతసేపూ బాగానే పరుగెడుతుంది, ఆపిన చోట మాత్రం రెండుసార్లు దగ్గి చచ్చిపోతుంది. మామూలు మనుషులకు అదేమంత పెద్ద జబ్బు కాదు, మళ్లీ కిక్కు కొట్టుకొని పోతారు. ఇంటింటి ముందూ దిగకుండా ఆగి మాట్లాడటమే పద్ధతిగా పెట్టుకున్న మాలాంటి వాళ్లకు అదొక్కటే అసలు జబ్బు. గుర్రమైనా ఎడ్లయినా ఆపితే నిలబడతాయి, మనిషి మాట ముగిసేదాకా ఓపిక పడతాయి. యంత్రానికి ఆ మర్యాద తెలియదు.

నాన్నగారు ఆ మోటారు సైకిలును నా చిన్నతనంలోనే కొన్నారు. గురజాలకు నాలుగు మైళ్ల అవతల మా ఊరు, ఊళ్లో అదే మొదటి బండి. దాని చప్పుడు వీధి మలుపులో వినిపిస్తేనే ఆడవాళ్లు అరుగుల మీదినుంచి లేచేవారు, నాన్నగారు పిలవాల్సిన అవసరం కూడా ఉండేది కాదు. ఇంటి ముందు ఆపి, ఒక కాలు నేల మీద మోపి, వీపు నిటారుగా పెట్టి ఆయన కూర్చుంటే, కింద ఇంజను ఒకే తాళంలో కొట్టుకుంటూ ఉంటే, ఎదుటివాళ్లు చేతులు కట్టుకొని చెప్పాల్సింది చెప్పేవారు. నేను ముందు ట్యాంకు మీద కూర్చొని ఆ దెబ్బలు తొడలకు తగులుతుంటే లోకం మొత్తం మా ఇంజను కోసమే ఆగి ఉందనుకునేవాణ్ణి. చిన్నపిల్లవాడి భ్రమ అనుకోవచ్చు. కానీ ఆ వీధిలో ఆ పూటకు అది నిజమే.

తర్వాత ప్రభుత్వం మునసబు పదవులన్నీ తీసేసింది. దాయాదులతో కాలవ గట్టు కోసం గురజాల కోర్టులో నడిచిన దావాలో మాగాణి పోయింది, ఆ దావా గెలిచిన దాయాదులకు కూడా కోర్టు ఖర్చులు పోను ఆ గట్టు మిగల్లేదు. ఎడ్లు లేవు, పాలేర్లు లేరు, ఇంటి వెనక పశువుల కొట్టంలో మోటారు సైకిలు ఒక్కటే ఉండేది. నాన్నగారి నడుము మాత్రం అంగుళం వంగలేదు. పదవి లేకపోయినా పొద్దున్నే తెల్లపంచె కట్టి, కండువా వేసుకొని బండి మీద ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చేవారు. ఇంటింటి ముందూ ఆగేవారు, జనం బయటికి వచ్చేవారు. అప్పటికి వాళ్లు వచ్చేది భయంతో కాదు, అలవాటుతో. ఆ తేడా నాకు తెలిసేది. ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ చెప్పలేను.

గురజాల బస్టాండు దగ్గర ఒక మెకానిక్ భాయి ఉండేవాడు. ఏళ్ల తరబడి నెలకోసారి బస్సెక్కి మా ఊరు వచ్చి, మా వాకిట్లోనే బండి విప్పి, శుభ్రం చేసి, బిగించి వెళ్లేవాడు. మా అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చేది. ఆయన గ్లాసు వేరు, అది కొట్టం చూరులో ఉండేది, తాగి ఆయనే కడిగి మళ్లీ అక్కడే పెట్టేవాడు. అప్పట్లో దాన్ని గురించి మా ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఆయన షాపు పెద్దదయ్యాక, ట్రాక్టర్ల పని కూడా మొదలయ్యాక, ఇళ్లకు తిరగటం మానేశాడు. బండిని షాపు దగ్గరకు పంపమని బస్సు కండక్టరుతో మర్యాదగానే కబురు పెట్టాడు. నాన్నగారు ఆ కబురు విన్నారు. మన బండి పోయి అతని గుమ్మం ముందు నిలబడాలా అని ఒక్క మాట అన్నారు. ఆ మాటతో నేను మెకానిక్కునయ్యాను. బీకాం పాసై, ఉద్యోగం లేక రెండేళ్లుగా ఇంట్లో కూర్చున్నవాణ్ణి, నాకు వేరే పనేమీ లేదు కూడా.

నేను ఒకటి రెండుసార్లు విప్పి బిగించానో లేదో, సరిగ్గా ఆ ఎండాకాలమే స్లో చెడింది. మొదటిసారి అది పంతులుగారింటి ముందు జరిగింది. పంతులుగారు చర్చి పక్క వీధిలో ఉండేవారు, ఊళ్లో సగం మందికి అక్షరాలు నేర్పినవారు, చాలా నెమ్మదైన మనిషి. నాన్నగారు ఆయనతో రెండు మాటలు మాట్లాడేసరికి ఇంజను దగ్గింది, మూడో మాటకు ఆగిపోయింది. పంతులుగారు లోపలికి వెళ్లి కుర్చీ తెచ్చి బండి పక్కన వేశారు. అందులో వెటకారం రవ్వంత కూడా లేదు, పెద్దమనిషి ఎండలో ఉన్నాడని వేశారు, అంతే. నాన్నగారు ఆ కుర్చీ వంక చూడకుండా తొమ్మిది సార్లు కిక్కు కొట్టారు. ఇంటికి వచ్చాక అన్నం తినలేదు. ఎవరైనా నవ్వితే ఆయన తట్టుకునేవారు, తిరిగి నాలుగు తిట్టేవారు. ఆ కుర్చీకి ఏం జవాబు చెప్పాలో ఆయనకు తోచలేదు.

మర్నాడు పొద్దున్నుంచి మా వాకిలి షెడ్డు అయిపోయింది. పాత పంచె పరిచి, ఇత్తడి తాంబాళంలో కిరసనాయిలు పోసి నేను కార్బొరేటరు విప్పాను. కార్బొరేటరంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే పిడికెడంత సామాను, స్లో అంతా దాని చేతిలోనే ఉంటుంది. అందులో పెట్రోలు చిమ్మే చిన్న జెట్టు కన్నంలోకి చీపురుపుల్ల కూడా దూరదు, గుర్రపు వెంట్రుకతో శుభ్రం చేయాలని ఎవరో చెబితే గుర్రం లేక నైలాను దారంతో చేశాను. ప్లగ్గు గీకాను, నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు ఉప్పుకాగితంతో రుద్దాను, స్లో స్క్రూ పావు తిప్పు లోపలికి, పావు తిప్పు బయటికి, మళ్లీ లోపలికి తిప్పాను. అంతా తిరిగి బిగించి కిక్కు కొడితే పిల్లిలాగా కూర్చొని కొట్టుకునేది. రెండు నిమిషాలు వాకిట్లో నిలబెట్టి చూసేవాళ్లం. ఆగేది కాదు. నాన్నగారు కండువా సర్దుకొని బయలుదేరేవారు. వీధి చివర మలుపు తిరిగి రెండో ఇంటి ముందు ఆపేసరికి దగ్గు మొదలయ్యేది. చల్లగా ఉన్నప్పుడు ఏ జబ్బూ లేదు, కాస్త వేడెక్కితే చాలు చచ్చేది. అంటే నా దగ్గర ఉన్నంతసేపూ బాగుండేది, ఊరి కళ్ల ముందు మాత్రమే నా పరువు తీసేది. ఆ రోజుల్లో నాకు ఆ యంత్రానికి బుద్ధి ఉందనీ, ఆ బుద్ధి వంకరదనీ గట్టి నమ్మకం ఉండేది.

నేను పని చేస్తున్నంతసేపూ నాన్నగారు పడక కుర్చీ వాకిట్లో వేయించుకొని కూర్చునేవారు. ఆయనకు ఇంజను గురించి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవటం ఆయనకు తెలియదు. ఆయన దగ్గర ఉన్న మందు ఒక్కటే, బిగించటం. కార్బొరేటరును ఇంజనుకు పట్టి ఉంచే నట్లు రెండుంటాయి. నేను బిగించి స్పానరు కింద పెట్టబోతే "ఇంకొంచెం" అనేవారు. మళ్లీ బిగించేవాణ్ణి. "ఒరేయ్, చెయ్యి చచ్చిపోయిందా? ఇంకొంచెం" అనేవారు. మన ఇంట్లో ఏదీ వదులుగా ఉండకూడదనేది ఆయన మాట, తలుపు గడియ నుంచి పంచె ముడి దాకా. చివరికి స్పానరుకు ఇనప గొట్టం తొడిగి రెండు చేతులతో లాగేవాణ్ణి. ఒకోసారి మా అమ్మ గడపలో నిలబడి, "ఏందయ్యా, అది బండా, దొంగ దూడా, అట్టా కట్టేస్తన్నారు" అనేది. మేమిద్దరం వినిపించుకునేవాళ్లం కాదు. ఎన్నిసార్లు విప్పానో అన్నిసార్లు ముందటి కంటే గట్టిగా బిగించాను. ఎన్నిసార్లు బిగించానో అన్నిసార్లు స్లో ముందటి కంటే పాడయింది. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని మా ఇద్దరిలో ఒక్కరికి కూడా తట్టలేదు.

ఊరు ఊరుకోదు కదా. "మునసబుగారి బండికి ఆయాసమొచ్చినట్టుందే, కాసింత మిరియాల కషాయం పొయ్యకపోయారా" అని బావి దగ్గర ఒకామె నా వెనకనుంచి అంది. నాకు వరసకు పెదనాన్న అయ్యే ఒకాయన ఇంకా ముదురు, నన్ను చూసినప్పుడల్లా, "ఏందిరా అబ్బాయ్, మీ నాయన ఇయ్యాల ఎన్ని గుమ్మాలు మొక్కాడు?" అనేవాడు. ఆగిన ప్రతి ఇంటి ముందూ వంగి కిక్కు కొట్టటాన్ని ఆయన మొక్కటంగా చెప్పేవాడు. అది నాన్నగారి చెవిన పడిందని నాకు తెలుసు. ఎందుకంటే ఆ తర్వాత ఆయన వంగకుండా కిక్కు కొట్టటం మొదలుపెట్టారు. వీపు నిటారుగా పెట్టి కొడితే కిక్కు సగం కూడా దిగదు, బండి లేవదు. చెబితే వినరు.

ఇదంతా ఒక ఎత్తు, ఉద్యోగం సంగతి ఒక ఎత్తు. గురజాల రోడ్డు మీద కొత్తగా పత్తి మిల్లు పెట్టారు. పెట్టినాయన తండ్రి ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినవాడు, కష్టపడి పైకి వచ్చిన కుటుంబం. ఆ మిల్లులో కాటా దగ్గర గుమాస్తా కావాలని, సోమవారం లోపల ఎవరినో ఒకరిని తీసుకుంటారని తెలిసింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. దాచుకునేదేముంది, ఇంట్లో పొయ్యి వెలగటానికే కావాలి, అమ్మ నగలన్నీ అయిపోయాయి. నేనే వెళ్లి అడుగుతానంటే నాన్నగారు ఒప్పుకోలేదు. అడగటమంటూ జరిగితే తానే అడుగుతారు, అదీ మన పద్ధతిలోనే. అంటే మిల్లు గేటు ముందు బండి ఆపుతారు, మిల్లుగలాయన బయటికి వస్తాడు, మా వాణ్ణి తీసుకో అని చెబుతారు, వచ్చేస్తారు. అలా చెబితే అది చెప్పటం. లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చొని చెబితే అది అడుక్కోవటం. ఆయన లెక్కలో ఆ రెంటికీ మధ్య ఉన్నది ఒక్క ఇంజను స్లో. అది రెండు నిమిషాలు నిలబడాలి. నా బతుకంతా ఆ రెండు నిమిషాల మీద పెట్టి, శుక్రవారం పొద్దున నేను గొట్టం తొడిగి ఆ నట్లను నా బలమంతా పెట్టి బిగించాను.

నాన్నగారు నడుపుతుంటే నేను వెనక కూర్చున్నాను. దారంతా బండి దివ్యంగా పోయింది. గేటు ముందు ఆపగానే మిల్లుగలాయన స్వయంగా బయటికి వచ్చాడు, భుజం మీద తువ్వాలు తీసి చేత పట్టుకొని మర్యాదగా నిలబడ్డాడు. నాన్నగారు గొంతు సవరించుకొని, మా వాడు బీకాం ప్యాసయ్యాడు అన్నారు. కింద ఇంజను దగ్గింది. ఆగకుండా ఉండాలని ఆయన చెయ్యి తిప్పారు, అది భగ్గున అరిచింది. ఆ అరుపులో తర్వాతి మాట కొట్టుకుపోయింది. "ఏందయ్యగారూ? ఇనపడలా" అని మిల్లుగలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని ముందుకు వంగాడు. నాన్నగారు చెయ్యి వదిలి మళ్లీ, మా వాడు, అన్నారు. బండి చచ్చిపోయింది.

ఆ తర్వాతి అయిదు నిమిషాలు నేను ఎన్నిసార్లు మరిచిపోదామనుకున్నానో. నేను దిగి నిలబడ్డాను, ఆయన దిగలేదు, సీటు మీద కూర్చునే, వీపు వంచకుండానే, కిక్కు కొడుతున్నారు. అది సగం దిగి పైకి తంతోంది. పత్తి బోరేలు మోసేవాళ్లు బోరేలు దించి చూస్తున్నారు. మిల్లుగలాయనకు నిజంగానే జాలి వేసింది. "చానా ఎండగా ఉందయ్యగారూ, దిగండి, లోపల కూకొని మాట్లాడుకుందాం, మజ్జిగ తాగండి. బండి సంగతి మావాళ్లు చూస్తారు" అన్నాడు. నాన్నగారి చెవుల వెనకనుంచి చెమట కారుతోంది. అప్పుడు, ఎందుకో ఏమో, బండి లేచింది. ఆయన మిల్లుగలాయన వంక చూసి, "ఏం లేదు, ఇట్టా పోతా ఊరికే ఆగాం" అన్నారు. నేను వెనక ఎక్కేలోపే గేరు వేశారు.  ఇల్లు చేరాక బండి దిగుతూ, "నీకు బిగించటం చేతకాలేదురా" అన్నారు. రెండేళ్ల నిరుద్యోగానికి రాని ఏడుపు నాకు ఆ మాటకు వచ్చింది.

శనివారం ఆయన భోజనం చేసి పడుకున్నాక నేను బండి తీసి గురజాల వెళ్లాను. బస్టాండు ముందు ఒక బస్సు అడ్డం వస్తే ఆపాల్సి వచ్చింది. ఆగగానే ఇంజను పోయింది, ఎంత కొట్టినా లేవలేదు. అక్కణ్ణించి షాపు దాకా బజారు మధ్యలోనుంచి నెట్టుకుంటూ పోయాను. తెలిసినవాళ్లు ఉన్నారు, చూశారు. మెకానిక్ భాయి ట్రాక్టరు కింద పడుకొని పని చేస్తున్నాడు, నన్ను చూసి లేవలేదు. నేను నిలబడ్డాను. ఒకరి గుమ్మం ముందు నిలబడి వాళ్ల పని అయ్యేదాకా ఎదురుచూడటం నాకు అదే మొదటిసారి. చాలాసేపు అనిపించింది, బహుశా పది నిమిషాలేమో.

బయటికి వచ్చి చేతులు తుడుచుకొని, నేను చెప్పేదంతా విని, ఆయన నట్టు మీద స్పానరు పెట్టాడు. అది రాలేదు. నా వంక ఒకసారి చూశాడు. సుత్తితో కొట్టి విప్పాల్సి వచ్చింది. కార్బొరేటరు ఊడదీసి, అద్దం పలక ఒకటి తెచ్చి, ఇంజనుకు ఆనే ముఖాన్ని దాని మీద బోర్లించి వేలితో నొక్కాడు. అది కాలు పొట్టిదైన పీటలాగా అటూ ఇటూ ఊగింది.

"చూశావా చిన్నయ్యా? ఇది వంగిపోయింది. ఎవరు బిగించారు ఇంత?"

"మేమే."

"ఎందుకూ?"

 ఆయన నింపాదిగా విడమరిచి చెప్పాడు. ఇది ఇనుము కాదు, మెత్తటి లోహం. రెండు చివరలా పట్టి లాగేసరికి నట్లు పట్టే చెవులు వంగి నడుమ సందు వచ్చింది. బండి వేడెక్కితే ఆ సందు తెరుచుకుంటుంది, దారిన పోయే గాలి అంతా అందులోనుంచి తాగుతుంది, అందుకే స్లో నిలవదు. మీరు ఎంత బిగిస్తే అంత సందు. "ఏం జబ్బూ లేదు దీనికి. మీరిద్దరూ కలిసి గొంతు పిసికారు" అన్నాడు. అద్దం మీద ఉప్పుకాగితం పరిచి, కార్బొరేటరు ముఖాన్ని దాని మీద మెల్లగా గుండ్రంగా రుద్దాడు, రుద్ది చూశాడు, మళ్లీ రుద్దాడు. ఊగటం ఆగిపోయింది. దళసరి కాగితం కత్తిరించి కొత్త ప్యాకింగు వేశాడు. పొట్టి స్పానరును రెండు వేళ్లతో పట్టుకొని, ఈ నట్టుకు కొంచెం ఆ నట్టుకు కొంచెం తిప్పి, వదిలేశాడు. ఇంకొంచెం అనే మాట నా నోటిదాకా వచ్చింది.

కిక్కు కొట్టగానే లేచింది. బాగా వేడెక్కేదాకా బజారులో రెండు చుట్లు తిప్పి తెచ్చి షాపు ముందు నిలబెట్టి, చెయ్యి వదిలేశాడు. నిలబడింది. ఈలోపు టీ వచ్చింది. అందరి గ్లాసులతో పాటే నాకూ ఒకటి ఇచ్చాడు, తానొకటి తీసుకున్నాడు. ఊదుకొని తాగుతూ, "మీ కొట్టం చూరులో నా గ్లాసు ఇంకా ఉందా చిన్నయ్యా?" అని అడిగి, నా ముఖం చూసి పకపకా నవ్వాడు. కోపం లేదు ఆ నవ్వులో. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. ఉంది అని చెప్పాను. నిజంగానే ఉంది.

నేను ఇల్లు చేరేసరికి నాన్నగారు లేచి వాకిట్లో ఉన్నారు. బండి ఆయన ముందు ఆపి, చెయ్యి వదిలి, పక్కకు జరిగాను. ఆయన కళ్లు మూసుకొని విన్నారు. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. చెయ్యి చాచి ట్యాంకు మీద పెట్టారు, ఒకప్పుడు నన్ను కూర్చోబెట్టుకున్న చోట. "సాధించావురా" అన్నారు. నా జన్మలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అప్పటికప్పుడే లోపలికి వెళ్లి కండువా వేసుకొని వచ్చారు, పద మిల్లుకి అన్నారు. నేను నోరు మూసుకొని వెనక ఎక్కి కూర్చుంటే సరిపోయేది. ఇంజను నిలబడేది, ఆయన చెప్పేవారు, నాకు ఉద్యోగం వచ్చేది, ఆయన పద్ధతి ఆయనకు మిగిలేది. కానీ ఇంకొకరు చేసిన పని నాది అనిపించుకోవటం మా ఇంటా వంటా లేదు, అది కూడా ఆయన నేర్పిందే. షాపుకి తీసుకెళ్లాను, భాయి చేశాడు అని చెప్పాను. ఆయన కండువా తీసి దండెం మీద వేశారు. ఇంజను ఆపమని చేత్తో సైగ చేశారు. "వాడి గుమ్మం ముందు నిలబడ్డది. ఇక నువ్వే తిరుగు దాని మీద" అన్నారు. ఆ తర్వాత పోయేదాకా ఆయన ఆ బండి ఎక్కలేదు. గురజాల వెళ్లాలంటే బస్సులో, సీటున్నా కూర్చోకుండా కడ్డీ పట్టుకొని నిలబడే వెళ్లేవారు.

సోమవారం నేను ఒక్కణ్ణే మిల్లుకు వెళ్లాను. గేటు ముందు ఆపాను, గేరు తీశాను, చెయ్యి వదిలాను. ఇంజను ఎంత చక్కగా నిలబడిందంటే సాయంత్రం దాకా అలాగే ఉండేది. బోరేల వాళ్లు మళ్లీ చూస్తున్నారు, ఈసారి ఏం జరుగుతుందోనని. కేక వేస్తే మిల్లుగలాయన వస్తాడు, అంతటి మర్యాద ఆయనలో ఉంది. నేను కాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. తర్వాత తాళం తిప్పి ఇంజను ఆపేశాను. దిగి, స్టాండు వేసి, గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. ఉద్యోగం కావాలని అడిగాను. "ఎల్లుండి నుంచి రా అబ్బాయ్" అన్నాడాయన. శుక్రవారం సంగతి ఎత్తలేదు, ఆ తర్వాత నేను అక్కడ పనిచేసిన ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి ఉద్యోగం వచ్చిందని చెబితే అమ్మ కళ్లు తుడుచుకుంది. నాన్నగారు పడక కుర్చీలోనుంచి గోడ వైపు చూస్తూ, ఇంజను నిలబడిందా అని ఒక్కటే అడిగారు. మాట అయ్యేదాకా నిలబడిందని చెప్పాను. ఆయన నమ్మారో లేదో తెలియదు. మళ్లీ అడగలేదు.

ఆ రెండు నట్ల గురించి నాకు ఇప్పటికీ చిరాకే. అన్ని నెలలు, అంత బలం, దేని కోసం అని. ఆయన పద్ధతి తప్పని నాకు తెలుసు, దానిలో ఎంతమంది నిలబడాల్సి వచ్చిందో కూడా తెలుసు. అయినా ఒకటి చెప్పాలి. మనిషి గుమ్మం ముందుకు వచ్చాడంటే లోపలివాడు బయటికి రావటం, ముఖం చూసి మాట చెప్పటం, వీధిలో పదిమందీ వినేలా చెప్పటం అప్పట్లో ఉండేవి. మొన్న ఊళ్లో పాత స్నేహితుడి ఇంటి ముందు ఆటో ఆపించి పేరు పెట్టి పిలిచాను. కిటికీలోనుంచి ఎవరో ఆడపిల్ల గొంతు, "ఆ గోడ మీద పెట్టి పోండి" అంది. నేను ఏదో పార్సిలు తెచ్చాననుకుంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఇప్పుడు గుమ్మం ముందు ఆగే బండ్లన్నీ పార్సిళ్లవే. నేను దిగి, గేటు తీసుకొని, లోపలికి వెళ్లి ఎవరినో చెప్పుకున్నాను.

ఆ మోటారు సైకిలును నాన్నగారు పోయిన మరుసటి ఏడు, స్పానర్ల పెట్టెతో సహా, దుర్గిలో రాతి బొమ్మలు చెక్కే ఒకాయనకు అమ్మేశాం.